ఎనిమిది పక్కన నేను పెట్టిన టిక్కు

తూంకుంటల మా గల్లీకి రక్తపరీక్ష కాయితం ఏదొచ్చినా డాక్టర్ కంటె ముందు చూసేది నేనే. తక్కువల తక్కువ వందమందికి చదివి చెప్పిన. మూలమీది చాయ్ హోటల్ భాయ్ నన్ను చూస్తే చాలు, "ఆవో డాక్టర్ సాబ్" అని కుర్చీ జరిపేటోడు.

నా పద్ధతి సులువు. అంకె పక్కన ఎచ్ ఉంటే ఎక్కువ, ఎల్ ఉంటే తక్కువ. ఎచ్ కనబడితే మొహం బరువుగ పెట్టి "అన్నం బంద్ జెయ్యి" అనేటోన్ని. లేకుంటే జేబుల పెన్ను తీసి టిక్కు పెట్టేటోన్ని. పన్నెండేండ్ల సంది నాకు షుగర్, నా భార్యకు బీపీ. మా ఇంట్ల అంకె దిగితే పండుగ, ఎక్కితే పరేషాన్.

పోయినేడు వానలప్పుడు ఆమెకు తొడలల్ల నొప్పులు మొదలైనయి. కింద కూసుంటే గోడ పట్టుకోకుండ లేవలేకపోయేది. మేడ్చల్‌ల పరీక్ష చేయించి, కాయితం తెచ్చి, గడపల కూసొని చదివిన. విటమిన్ డి ఎనిమిది. దాని పక్కన ఎల్. ఆ పక్కన ముప్పై నుంచి వంద అని ఉన్నది.

"ఏమొచ్చిందయ్యా?"

"వంద దాక పోవచ్చునంట. నీది ఎనిమిదే. నా షుగర్ గిట్లుంటే గల్లీ అంత మిఠాయి పంచుదును."

"మరి కాళ్లెందుకు గుంజుతున్నయి?"

"ఇంక పదారేండ్ల పిల్లవనుకుంటున్నవా?"

టిక్కు పెట్టిన.

డి అంటే ఎండతోని వచ్చేదని నాకు తెలుసు. అందుకే ఇంకింత ధీమా. పెండ్లయిన కాన్నుంచి నాతోని ద్రాక్షతోటలల్ల పనిజేసిన మనిషికి ఎండ కరువైతదా? తోటలు పీకి ప్లాట్లు జేసి ఏండ్లయింది. అప్పటిసంది ఆమె గుండ్లపోచంపల్లి గోదాంల ట్యూబులైట్ల కింద డబ్బాలకు టేపు అంటించేది. ఎండ ముదరకముందే ఆటో ఎక్కి, పొద్దుగూకినంక దిగేది. ఇవేవీ నా లెక్కల రాలే. అసలు తోటలల్ల గూడ మేం నిలబడ్డది పందిరి కింద, నీడల్నే.

మూడు నెలలకు ఆటో దిగుతుంటే కాలు ఆసరా ఇయ్యక పడ్డది. తుంటి ఎముక విరిగింది. రాడ్ ఏసిన్రు.

దావఖానల చిన్న వయసు డాక్టర్ పాత కాయితాలు తిరగేస్తూ నా టిక్కు దగ్గర ఆగిండు.

"ఇది ఎవరు పెట్టిండ్రు?"

నేను ఫ్యాన్ దిక్కు చూసిన.

"పెద్దాయనా, ఇది షుగర్ లెక్క కాదు. ముప్పై అయినా ఉండాలె, ఇరవై కంటె తక్కువుంటే లోపం అంటం. ఎనిమిదంటే మరీ తక్కువ. ఎముక మెత్తవడతది, కండల బలం పోతది."

చూడవచ్చినోళ్లందరికి ఒకటే చెప్పిన: "ఎముక విరిగింది డి తక్కువై కాదని డాక్టరే అన్నడు." అది అబద్ధం. "అదొక్కదానివల్లనే అని చెప్పలేను" అన్నడు. దాని ఎనకనే "అప్పుడే మందు మొదలువెడితే బాగుండేది" అన్నడు. రెండో మాట నేను మింగిన. ఆ వందమంది ముచ్చట గూడ అబద్ధమే. నలుగురు. అండ్ల ఒకన్ని నేనే.

ఇప్పుడు వారానికొకసారి మందు పొడి పాలల్ల కలిపి ఇస్తున్న. అంకె పెరుగుతదట. నాలుగుకాళ్ల వాకర్ పట్టుకోకుండ నడుస్తదా అంటే మాత్రం డాక్టర్ మాట ఇయ్యలే. గోదాం పని పోయింది. పదకొండింటికి పక్క బిల్డింగ్ సందులకెళ్లి మా వాకిట్ల ఇంత ఎండ పడతది. అది జరిగిన కొద్ది కుర్చీ జరుపుత. ఆమె కాళ్ల దిక్కు చూస్కుంట కూసుంటది. హోటల్ భాయ్ ఇప్పుడు డాక్టర్ సాబ్ అంటలేడు. "భాభీ ఎట్లుంది?" అని అడిగి, నా మొహం చూడకుండ చాయ్ పెట్టి పోతడు.

ఇంతదాక రాసి ఆమెకు చదివి వినిపించిన. "నాకు తెలువక జరిగింది" అని ముగించిన.

ఆమె కాళ్ల మీది ఎండ దిక్కే చూస్కుంట అన్నది.

"తెలువక గాదు. డాక్టర్‌కు చూపిద్దామని రెండుసార్లన్న. రెండోసారి నా చేతిలకెళ్లి కాయితం గుంజుకొని బియ్యం డబ్బా కింద వెట్టినవ్. గది రాయి."