ముప్పై మూడో అంతస్తులు రెండు

యిమ్ పాక్‌హుంగ్ పనిచేసే మేడకు అసలు అంతస్తులు అరవై ఒకటి. లిఫ్టులో చివరి బొత్తాం మీద మాత్రం అరవై తొమ్మిది అని ఉంటుంది. నాలుగు అశుభం కాబట్టి నాలుగుతో ముగిసే అంతస్తులన్నీ ఎగిరిపోయాయి. విదేశీ అద్దెదారుల మనసు నొప్పించడం ఎందుకని పదమూడు కూడా ఎగిరిపోయింది. హాంకాంగ్‌లో ఇదేం వింత కాదు. ఉన్నదానికంటే ఎనిమిది అంతస్తులు పైన ఉన్నామనుకుని పైవాళ్లు మురిసిపోతారు. ఎవరి పిచ్చి వాళ్లకానందం.

మేడను గీసిన ఇంజనీర్లకు ఆ పిచ్చి లేదు. వాళ్ల పటాల్లో మూడు తర్వాత నాలుగే వస్తుంది. కంట్రోలు గదిలో బొత్తాలన్నీ వాళ్ల లెక్క ప్రకారం ఉంటాయి. నిర్వహణ ఆఫీసు కాగితాలేమో లిఫ్టు ప్రకారం నడుస్తాయి. ఇంత తెలివి పోసి కట్టిన మేడకు రెండు లెక్కలు ఎందుకయ్యా అని పదిహేనేళ్లలో ఒక్క పెద్దమనిషి అడిగిన పాపాన పోలేదు.

ఆ తెలివి మామూలుది కాదు, అది ఒప్పుకోవాలి. సముద్రం ఒడ్డున, తుఫాను దారిలో, నడుం దగ్గర సన్నబడి పైకి పోయేకొద్దీ మెలితిరిగే మేడ అది. గాలికి ఊగుతుంది. ఊగాలి కూడా, బిర్రబిగుసుకుంటే విరుగుతుంది. ఆ ఊపును మింగడానికి రెండు అంతస్తుల్లో, నడిమి గోడలకూ బయటి స్తంభాలకూ మధ్య ఉక్కు గొట్టాలు బిగించారు. ఒక్కొక్కటి మనిషి నడుమంత లావు, లోపల చిక్కటి నూనె. మేడ ఊగినప్పుడు గొట్టంలోని కడ్డీ ఆ నూనెను తోస్తుంది, గాలి బలమంతా వేడిగా మారి అక్కడే చల్లారిపోతుంది. పనివాళ్లు వాటిని నూనె చేతులంటారు. తుఫాను హెచ్చరిక ఎనిమిదో నంబరుకు చేరిన రోజున కూడా పైఅంతస్తుల్లో జనం గిన్నెలో సూపు తొణక్కుండా తాగుతున్నారంటే, అది ఆ చేతుల పుణ్యం.

ఆ చేతులను చూసుకునేది యిమ్, అతని జోడీ మాక్ టిన్‌సాంగ్. యిమ్ పదిహేడో ఏట వెదురు పరంజాలెక్కి పని మొదలుపెట్టాడు. తర్వాత వెల్డింగ్ నేర్చాడు. నలభై దాటాక పుస్తకాలు ముందేసుకుని, రెండుసార్లు తప్పి, మూడోసారి యంత్రాల లైసెన్సు సంపాదించాడు. దాన్ని అద్దం కట్టించి టీవీ పైన తగిలించుకున్నాడు. భార్య పోయి ఆరేళ్లయింది. మిగిలింది ఆ లైసెన్సు, పనిలో మంచి పేరు. అందరూ అతన్ని సీఫూ అనేవారు, గురువుగారూ అన్నట్టు. మాక్ ఒక్కడే పెద్దన్నా అనేవాడు.

నూనె చేతులున్న అంతస్తులు లిఫ్టు ప్రకారం ముప్పై మూడు, ముప్పై ఎనిమిది. ఇంజనీర్ల లెక్కలో అవే ఇరవై తొమ్మిది, ముప్పై మూడు. అంటే ముప్పై మూడో అంతస్తు ఆ మేడలో రెండు చోట్ల ఉంది. ఈ ముప్పు మొదట పసిగట్టింది యిమ్. ఎవరు ఫోన్లో ఏ అంకె చెప్పినా అతను వెంటనే "లిఫ్టా, లెక్కా?" అని అడిగేవాడు. జవాబు విన్నాకే బొత్తాం మీద వేలు పెట్టేవాడు. మాక్ వట్టి అంకె చెప్పి ఆ ప్రశ్న కోసం ఆగేవాడు. పదిహేనేళ్లలో ఒక్కసారీ తప్పలేదు.

జూన్ నెలలో ఒక గురువారం, పనివాళ్లంతా రోజూ చేరే టీ కొట్టులో యిమ్ పాల టీ కప్పు ఎత్తుతుంటే చెయ్యి వణికి సాసరు నిండా ఒలికింది. నాలుగు బల్లల జనం చూశారు. మాక్‌కు నోరు ఊరుకోదు కదా.

"పెద్దన్న చేతికి కూడా ఒక నూనె చెయ్యి బిగించాలిరోయ్. ఈ ఊపు టవరు కంటే ఎక్కువగా ఉంది" అన్నాడు.

కొట్టంతా నవ్వింది. సాసరు తీయడానికి వచ్చినవాడు కూడా నవ్వాడు. యిమ్ నవ్వలేదు. రెండేళ్లలో రిటైరయ్యే మనిషి, వణుకు సంగతి ఆఫీసుకు పొక్కకుండా దాచుకుంటున్న మనిషి. టీ సగంలో వదిలేసి బయటికొచ్చేశాడు. వెనక మాక్ "అరే, సరదాకన్నాను పెద్దన్నా" అంటూ వస్తున్నా తిరిగి చూడలేదు.

శుక్రవారం మాట్లాడలేదు. శనివారం మాట్లాడలేదు. పనికి కావలసిన ఒకటి రెండు మాటలు గోడకు చెప్పినట్టు చెప్పాడు. అరవై ఒక్క ఏళ్ల మనిషికి అలకేమిటని మీరనవచ్చు. అలకకు వయసుతో పనేముంది? చెప్పాలంటే మాక్ అంటే ప్రాణం కాబట్టే అంత మండింది. అదే మాట ఇంకెవడన్నా అంటే ఈ చెవితో విని ఆ చెవితో వదిలేసేవాడు.

సోమవారం ఉదయం ఆఫీసు నుంచి చీటీ వచ్చింది. ముప్పై మూడో అంతస్తులో తూర్పు చెయ్యి నూనె కారుతోంది, గాలులు ముదిరేలోగా రబ్బరు సీలు మార్చాలి. పద్ధతేమిటంటే, కంట్రోలు గదిలో ఒకరు బొత్తాం నొక్కి గొట్టంలో ఒత్తిడి దించాలి. దిగాక రెండోవాడు చెయ్యి దగ్గర మూత విప్పాలి. మాక్ చీటీ పట్టుకుని పైకి వెళ్లాడు. యిమ్ కింద కూర్చున్నాడు. పది గంటలకు ఫోను మోగింది.

"పెద్దన్నా, ముప్పై మూడు తూర్పు. దించు" అన్నాడు మాక్.

అడగవలసిన మాట యిమ్ నాలుక మీదికి వచ్చింది. వచ్చి ఆగిపోయింది. మూడు రోజులుగా అట్టేపెట్టుకున్న మౌనం దానికి అడ్డుపడింది. అవతల మాక్ కాసేపు ఎదురుచూశాడు, ఊపిరి వినబడుతూనే ఉంది. యిమ్ "ఊఁ" అని, తన ముందున్న బోర్డు మీద ముప్పై మూడు నొక్కి, ఫోను పెట్టేశాడు. బోర్డు ఇంజనీర్లది. ఒత్తిడి దిగింది లిఫ్టు ముప్పై ఎనిమిదిలో. మాక్ నిలబడింది లిఫ్టు ముప్పై మూడులో.

ఒత్తిడి చూపే ముల్లు గొట్టం అడుగున ఉంటుంది, పడుకుని చూడాలి. పెద్దన్న ఊఁ అన్నాక పడుకుని చూడటమెందుకనేవాడు మాక్ ఎప్పుడూ. మూత రెండు చుట్లు తిప్పేసరికి నూనె తన్నుకొచ్చి అతన్ని వెనక్కి విసిరేసింది. తల వెళ్లి స్తంభానికి కొట్టుకుంది. బోర్డు మీద ఎర్రదీపం వెలగడం చూసి యిమ్ లిఫ్టెక్కి పరుగెత్తుకొచ్చేటప్పటికి చెయ్యడానికి ఏమీ లేదు. నేలంతా పరచుకున్న నూనెలో మోకాళ్ల మీద కూర్చుని "తమ్ముడూ, తమ్ముడూ" అని పిలుస్తూనే ఉన్నాడు. మూడు రోజులు మూసుకున్న నోరు అప్పుడు తెరుచుకుని ఏం లాభం?

మర్నాడు కంపెనీ ఇంజనీరు సెటో తలుపు వేసి అతన్ని కూర్చోబెట్టాడు. సెటో చెడ్డవాడేం కాదు, భయస్థుడు.

"సీఫూ, మీ పద్ధతి అందరికీ తెలిసిందే. లిఫ్టా లెక్కా అని మీరు అడిగే ఉంటారు" అన్నాడు.

సెటో టైపు కాగితం ఒకటి యిమ్ ముందుకు జరిపాడు.

"మాక్ కంగారులో 'లెక్క' అని ఉంటాడు. ఫోను మాటలు ఎక్కడా రికార్డు కావు. నేను చెప్పింది తప్పయితే ఇప్పుడే చెప్పండి."

యిమ్ చెప్పలేదు. లైసెన్సు కళ్ల ముందు మెదిలింది. తన వల్ల మనిషి పోయాడని నలుగురూ అనుకోవడం మెదిలింది. సెటో టైపు చేయించిన కాగితం మీద సంతకం పెట్టాడు. అందులో తప్పంతా మాక్‌దే అయింది. ఆ సంతకం పెట్టిన క్షణం నుంచీ తిన్న అన్నం ఒంటికి పట్టలేదు. మింగలేక కక్కలేక మూడు వారాలు గడిపాడు. ప్రభుత్వ విచారణ సోమవారం పడింది. అక్కడ అదే మాట ప్రమాణం చేసి చెప్పాలి.

ఆదివారం మధ్యాహ్నం తలుపు చప్పుడైంది. మాక్ భార్య చూయ్‌ఫోంగ్. చేతిలో నారింజపండ్ల సంచి. లోపలికి వచ్చి కూర్చోకుండానే నడుం వంచి నమస్కరించింది.

"అన్నయ్యా, మా ఆయన తరఫున మిమ్మల్ని క్షమించమని అడగడానికొచ్చాను."

యిమ్ గబగబా కుర్చీ జరిపాడు. "అదేంటమ్మా, కూర్చో ముందు" అన్నాడు.

"కూర్చుంటాగానీ చెప్పనివ్వండి. ఇన్నేళ్లూ సొంత తమ్ముడిలా చూసుకున్నారు. పోతూపోతూ ఆయన మీకు తలనొప్పి తెచ్చిపెట్టాడు. ఈ వయసులో మీరు విచారణలో నిలబడాల్సొచ్చింది. ఆయనెప్పుడూ అంతే, బియ్యం కడిగి కుక్కర్లో పోసి స్విచ్చి వెయ్యడు. గంట తర్వాత అన్నం ఏదే అంటాడు." నవ్వబోయింది, నవ్వు రాలేదు. "మీరు అడిగినప్పుడన్నా ఒక్క నిమిషం ఆలోచించి చెప్పుంటే..."

"నేను అడగలేదు."

"ఏంటీ?"

"లిఫ్టా లెక్కా అని నేనా రోజు అడగలేదమ్మా. అడిగానని రాసిచ్చింది అబద్ధం."

ఆమె సంచి ఒళ్లో పెట్టుకుని అతనివైపే చూసింది. "ఎందుకడగలేదు?"

"వాడితో మాట్లాడటం మానేశాను కాబట్టి."

దేనికని ఆమె అడిగింది. యిమ్ టీ కొట్టు సంగతి చెప్పాడు. పైకి చెబుతుంటే అది ఎంత చిన్న సంగతో అతనికే తెలిసొచ్చింది.

"పోయే ముందురోజు రాత్రి అది నాతో చెప్పాడు" అంది చూయ్‌ఫోంగ్ మెల్లగా. "పెద్దన్న మనసు కష్టపెట్టానే, వచ్చే ఆదివారం చేప వండు, వెళ్లి పిలుచుకొస్తానన్నాడు."

యిమ్ ఏడ్చాడు. ఆమె ఓదార్చలేదు. తిట్టనూ లేదు.

"రేపు విచారణలో ఉన్నదున్నట్టు చెప్తాను. లైసెన్సు పోతే పోనీ" అన్నాడు చివరికి.

"వాళ్లకి చెప్పుకోండి" అంది ఆమె. "నా సంగతి చెప్పండి. రోజూ పొద్దున్నే ధూపం వెలిగించి ఆయన ఫోటో ముందు నిలబడి తిడుతున్నాను. ఒక్క అంకె సరిగ్గా చెప్పలేకపోయావా, నీ నోరు పడిపోనూ, నన్నిలా వదిలేసి పోయావే అని. మూడు వారాలన్నయ్యా. ఒక్క రోజు మానలేదు. ఇప్పుడు ఇంటికెళ్లి ఆయనకేం చెప్పను?"

ఆమె లేచి చెప్పులు తొడుక్కుని, తలుపు తనే తీసుకుని వెళ్లిపోయింది.