గంబో మాడలేదు

అమెరికా వాళ్ళకి వంట రాదని నా ఎదురుగా ఎవరైనా అంటే నాకు ఒళ్ళు మండుతుంది. ఇక్కడ ఆక్లాండ్‌లో మనవాళ్ళు నలుగురు చేరితే ఈ మాట రాకుండా భోజనం అవదు. "ఏముందండీ అక్కడ, బర్గరూ పిజ్జానేగా" అంటారు. అన్నవాళ్ళలో చాలామంది ఆ దేశంలో అడుగే పెట్టలేదు. మిగిలినవాళ్ళు ఆఫీసు పని మీద వెళ్ళి, హోటల్ గదిలో నూడుల్స్ చేసుకు తిని తిరిగొచ్చినవాళ్ళు.

నేను లూయిజియానాలో పన్నెండేళ్ళు కాపురం చేశాను. నాకూ అభిప్రాయాలున్నాయి, దాచుకోను. మొక్కజొన్న రొట్టెలో పంచదార వేసేవాళ్ళని నేను నమ్మను. గ్రిట్స్ అనే మొక్కజొన్న రవ్వ జావలో వెన్న వేసుకుని వేడివేడిగా తింటే, దాని ముందు మన ఉప్మా దిగదుడుపే. ఈ మాట అన్నందుకు మా ఆయన నాతో కొన్నాళ్ళు సరిగా మాట్లాడలేదు. గొడ్డు మాంసం ముట్టను కాబట్టి టెక్సాస్ వాళ్ళ గొప్పల గురించి నాకు తెలియదు, తెలిసినట్టు మాట్లాడను. ఆ మాత్రం బుద్ధి ఎదుటివాళ్ళకీ ఉంటే బాగుండును. ఇక గంబో దగ్గరికొస్తే నాకున్నది అభిప్రాయం కాదు, కోపం.

గంబో అంటే అన్నంలో పోసుకు తినే చిక్కటి పులుసు. బెండకాయలు, రొయ్యలు, ఉల్లిపాయ, క్యాప్సికమ్, సెలెరీ కాడలు పడతాయి. దాని ప్రాణమంతా మొదట్లోనే ఉంది. నూనెలో మైదా వేసి, సన్నని సెగ మీద గరిటె ఆపకుండా కలుపుతూ ఉండాలి. తెల్లటి పిండి గోధుమరంగుకి తిరుగుతుంది, తర్వాత ఇటుక రంగు, ఆఖరికి చాక్లెట్ రంగు. అక్కడ ఆపాలి. కాస్త ముందు ఆపితే చప్పగా ఉంటుంది, కాస్త దాటితే మాడుతుంది. ఇది మా అమ్మాయికి నేను నేర్పలేదు, అక్కడ మా పక్కింటి ముసలావిడ, పిల్ల గ్రాండ్‌మా అని పిలిచే ఆవిడ, నేర్పింది. నేను డ్యూటీ నుంచి వచ్చేదాకా పిల్ల ఆవిడ వంటింట్లోనే ఉండేది. స్టూలు మీద నిలబెట్టి గరిటె చేతికిచ్చేది. పిల్లకి పదేళ్ళప్పుడు మేం న్యూజీలాండ్ వచ్చేశాం. ఇప్పుడు కాలేజీకి వెళ్తోంది. ఈ రోజుకీ ఒంట్లో బాగోకపోతే అడిగేది గంబోనే, నా ముద్దపప్పు కాదు.

ఆ ముసలావిడ ఈ చలికాలంలో కన్నుమూసింది. వెళ్ళే వీల్లేదు. అమ్మాయి తన గదిలోంచి బయటికొచ్చి, "అమ్మమ్మ పోయినప్పుడు మనం అందరికీ ఫుడ్ పెట్టాం కదా, గ్రాండ్‌మాకి నేను పెట్టొచ్చా?" అని అడిగింది. పెట్టొచ్చన్నాను.

ఊళ్ళోనే మౌంట్ రాస్కిల్ అనే పేటలో ఒక హాలు తీసుకుని నెలకోసారి మన కుటుంబాలన్నీ కలిసి భోంచేస్తాం. దానికి రమ్మంటే ఏదో వంక పెట్టి తప్పించుకునే పిల్ల, ఈసారి తనే వస్తానంది, అక్కడే వండి వడ్డిస్తానంది. ఎందుకో ఎవరికీ చెప్పొద్దంది. గ్రాండ్‌మా పేరు మీద పదిమంది తింటే చాలట.

ఆ ఆదివారం పొద్దున్నే హాలు వంటింట్లో పెద్ద గిన్నె పెట్టి, నడుం నొప్పి పుట్టేదాకా కలిపింది. రంగు సరిగ్గా కుదిరింది. స్టవ్ ఆపాక చూసుకుంటే అందులో పోయాల్సిన చికెన్ ఉడికించిన నీళ్ళు ఇంట్లోనే మర్చిపోయాం. ఇల్లు దగ్గరేగా అని ఇద్దరం కార్లో వెళ్ళాం. దారిలో రోడ్డు తవ్వేస్తున్నారు, చుట్టూ తిరిగి వచ్చేసరికి బాగా ఆలస్యమైంది.

తలుపు తీయగానే కరివేపాకు పోపు వాసన.

మాలో పెద్దావిడ, అందరం ఆంటీ అని పిలిచే ఆవిడ, మా గిన్నెలో కొత్తిమీర చల్లుతోంది. నన్ను పక్కకి లాగి గుసగుసగా చెప్పింది. "పిల్ల పిండి మాడగొట్టేసిందమ్మా, నల్లగా అయిపోయింది. నలుగురూ చూస్తే దాని పరువేం కాను? నేనే పారబోసి గిన్నె తోమేశా. ముక్కలు తరిగి ఉన్నాయిగా, చింతపండు పిసికి బెండకాయ రొయ్యల పులుసు పెట్టేశా. పిల్లే చేసిందని అందరికీ చెప్పేశాలే." స్టీలు పీచుతో తోమి తోమి ఆవిడ వేళ్ళు ఎర్రగా కందిపోయి ఉన్నాయి.

ఇదీ మన అలవాటు. ఎవరి గిన్నె మీద మూతైనా తీసేస్తాం. ఉప్పు చూస్తాం, ఇంత కారం పడేస్తాం, పోపు పెట్టేస్తాం. ఇది ఇలాగే ఉండాలా అని ఒక్క మాట అడగం. మనకి తెలియని రంగు కనిపిస్తే అది మాడినట్టే. ఆవిడది ప్రేమ కాదని నేను అనను, నా మంటంతా అక్కడే. కుళ్ళుతో పారబోసి ఉంటే నిలబెట్టి కడిగిపారేద్దును.

అయినా నోరు తెరిచాను. వెనకే నిలబడి అంతా విన్న అమ్మాయి నా చెయ్యి గట్టిగా పట్టుకుని చెవిలో అంది. "చెప్పకమ్మా. ఆంటీ ఏడుస్తారు. అందరూ సారీ అంటారు. నాకు సారీ వద్దు." మళ్ళీ వండుదామంటే బెండకాయ ముక్క మిగల్లేదు, రొయ్య మిగల్లేదు, జనం అప్పటికే ప్లేట్లు పట్టుకుని నిలబడ్డారు.

ఆ పులుసు తనే వడ్డించింది. తిన్నవాళ్ళంతా మెచ్చుకున్నారు. ఒక అంకుల్ రెండోసారి వేయించుకుంటూ, "అమెరికాలో పుట్టినా మన రుచి మర్చిపోలేదమ్మా, తిండంటే ఇదీ" అన్నాడు. ఆ ప్లేటు లాగి అవతల పారేద్దామన్నంత కోపం వచ్చింది నాకు. "థాంక్యూ అంకుల్" అంది అమ్మాయి.

నేను వంటింట్లోకి వెళ్ళి చెత్తడబ్బా మూత తీశాను. ఉల్లిపొట్టు మధ్య ముద్దగా, చాక్లెట్ రంగులో ఉంది. వంగి వాసన చూశాను. మాడలేదు.

ఇంటికొచ్చాం. కారు ఆపాక కూడా అమ్మాయి దిగలేదు. తోమిన గిన్నె ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

"అందరూ బాగా తిన్నారు కదమ్మా" అంది.

అవునన్నాను.

"గ్రాండ్‌మాది ఎవరూ తినలేదు."