కరెంటు తీసి చూపించిన పూత

తుర్కపల్లిలో మా ల్యాబుకు కరెంటు పోకుండా చూసుకోవడమే నా ఉద్యోగం. గుంటూరు వైపు నుంచి వచ్చి మేడ్చల్‌లో ఇల్లు కట్టుకున్నది ఈ జీతం మీదే. బయట ఊరంతా చీకటైనా మా లోపల ఒక్క బల్బు ఆరకూడదు. ఈ విషయంలో నాకు కాస్త పొగరని మా ఆవిడ అంటుంది. ఉంది, ఉంటే తప్పేంటి?

అలాంటి నా దగ్గరికి వచ్చి, "అన్నా, రేపు వచ్చెటోళ్ళ ముంగట నువ్వు కరెంటు తీసెయ్యాలె" అంది మా పూతలమ్మాయి.

పూతలమ్మాయి అన్నది నేను పెట్టిన పేరు. ఆమె రసాయన శాస్త్రంలో డాక్టరేట్ చేసింది, రావల్కోల్‌లో కూరగాయలు పండించే ఇంటి పిల్ల. నీళ్ళలోకి కరెంటు పంపి హైడ్రోజన్ తీయడం ఆమె పని. ప్లాటినం లాంటి ఖరీదైన లోహం పెట్టి ఎవరైనా తీస్తారు. ఈమె మాత్రం మన ఇత్తడి గిన్నెలకు కళాయి వేసే తగరాన్ని నికెల్‌తో జతచేసి, లోహపు జాలీని ద్రావణంలో ముంచి, కరెంటుతోనే దాని మీద పూత ఎక్కిస్తుంది. ఆ రెండు లోహాలూ ఊరికే కలిసిపోవు. పరమాణువులు లెక్క ప్రకారం వరుసల్లో కూర్చుని, విడివిడిగా ఉన్నప్పుడు లేని గుణం తెచ్చుకుంటాయి. అందుకే తక్కువ వోల్టేజీకే హైడ్రోజన్ బుడగలు వదులుతాయి. చూడటానికి మాత్రం అంట్లు తోమే పీచులా ఉంటుంది. "ఏమ్మా, ఇవాళ ఎన్ని గిన్నెలు తోమావు?" అని ఏడిపించేవాణ్ణి.

చిక్కల్లా కరెంటు ఆగినప్పుడే. ఆగగానే తొట్టిలో ఎదురెదురుగా దింపిన రెండు జాలీల మధ్య కాసేపు కరెంటు ఎదురు పారుతుంది, పూత దెబ్బతింటుంది. మొదట వేసిన పూతలన్నీ అలాగే నల్లటి పొట్టుగా రాలి గాజుతొట్టి అడుగుకు చేరాయి. ఏడుస్తుందేమో అనుకుంటే, ఆ పొట్టునే చెంచాతో జాగ్రత్తగా తీసి పరీక్షకు పంపింది. నాకు ఆమె మీద గౌరవం మొదలైంది అప్పుడే.

ఆ పరీక్ష చూసి మార్చి వేసిన కొత్త పూత, కరెంటు తీసినా చిన్న ముక్కల మీద నిలిచింది. పెద్ద జాలీ మొన్ననే తయారైంది, దానికి కరెంటు తీసి ఇంకా ఎవరూ చూడలేదు. రేపు వచ్చేది డబ్బు పెట్టేవాళ్ళు. వాళ్ళకు నచ్చకపోతే ఈ పని ఇంతటితో ఆపేసి, ఆమెను మందులు పరీక్షించే విభాగంలోకి మార్చేస్తారు.

"నీకేమైనా పిచ్చా అమ్మా? నడుస్తున్నదాన్ని నడుస్తున్నట్టే చూపించు. కరెంటు తీసే సంగతి తర్వాత మనలో మనం చూసుకుందాం."

"గిది ఎండతోని నడవాల్సిన మిషినన్నా. మబ్బు పట్టదా? మా బాపు బోరు మోటరు ఎన్నిసార్లు ఆగుతదో నాకెరుకే. ఆగినంక మళ్ళ లేస్తదా లేదా, గదే సూడాలె. నువ్వు తియ్యకుంటె నేనే తీస్త. ఏ స్విచ్చో నాకు తెల్వదు, మొత్తం బిల్డింగు బంద్ అయితది మరి."

బెదిరింపు! చేసేది లేక ఒప్పుకున్నాను.

మర్నాడు క్యాబుల్లో దిగారు వాళ్ళు. తొట్టిలో బుడగలు పాలు పొంగినట్టు లేస్తున్నాయి. వచ్చినవాళ్ళలో పెద్దాయన బాగుందన్నట్టు తలూపాడు. అక్కడితో ఆగినా సరిపోయేది. ఆమె నావైపు చూసింది. గుండె చిక్కబట్టుకుని స్విచ్చు దించాను.

బుడగలు ఆగిపోయాయి. "పోయిందా?" అన్నాడాయన.

"నేనే తీయించిన సార్. మబ్బు పట్టిందనుకోండ్రి."

తెలివిగలవాళ్ళెవరైనా ఆ కాసేపూ కాఫీలకు తీసుకెళ్తారు. ఆమె ఎవర్నీ కదలనివ్వలేదు. చాలాసేపటికి "ఎయ్యన్నా" అంది. వేశాను. నా చూపంతా తొట్టి అడుగునే. పొట్టు రాలలేదు. ముందు సన్నగా, తర్వాత జోరుగా బుడగలు లేచాయి. సిగ్గెందుకు, నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

ఆమె మాత్రం మీటరు చూస్తోంది. "ముంగటికంటె జర ఎక్కువ వోల్టేజీ తీసుకుంటాంది సార్. పూతకు దెబ్బ తాకింది. ఎక్కడో ఇంకా తెల్వదు."

ఓరి దేవుడో, ఎవరడిగారమ్మా నిన్ను అని లోపల మొత్తుకున్నాను.

పెద్దాయన వంగి ఆ అంకె చూశాడు. తర్వాత నావైపు తిరిగి, "మళ్ళీ తీయండి" అన్నాడు.

తీశాను, వేశాను. ఈసారి అంకె ఇందాకటి చోటే నిలబడింది, ఇంకా పైకి పోలేదు. "ఆ దెబ్బ ఎక్కడో కనిపెట్టండి. అందాకా ఈ పని ఆగదు" అన్నాడాయన. ఆమె సరేనంది. సంబరమంతా నాదే.

ఇప్పుడు కరెంటు తీయడం కూడా నా డ్యూటీలో చేరింది. రోజూ భోజనాలకు ముందు ఆమె కేకేస్తుంది, నేను వెళ్ళి స్విచ్చు దించుతాను. ఆమె తొట్టి పక్కన మోకాళ్ళ మీద కూర్చుని, "ఎయ్యన్నా" అనే ముందు అడుగున ఏమైనా రాలిందేమో చూస్తుంది.