ఉస్తాదు చూడని పసుపు

మా ఉస్తాదు మంగళవారం మధ్యాహ్నం పోయారు. జొహర్ నమాజు వేళ దాటిన కాసేపటికి ఆయన కూతురు వనపర్తి నుంచి ఫోన్ చేసింది. "అన్నా, అబ్బా పోయిండు" అని ఆగి, "నువ్వు శుక్రవారం వస్తనంటివి గదా" అంది. 

వనపర్తిలో ముప్పై ఏళ్లకు పైగా రేడియోలు, టీవీలు బాగుచేసిన మనిషి ఆయన. పదో తరగతితో చదువాగిపోయి ఇటిక్యాల నుంచి వచ్చిన నాకు ఆరేళ్లు పని నేర్పారు. తరువాత నేను గద్వాలలో సొంత దుకాణం పెట్టుకున్నాను. కంప్యూటర్లు పుస్తకాలు చూసి నేర్చుకున్నాను. నా చేతికి పని తెలియడం మాత్రం ఆయన పుణ్యమే.

ఏ టీవీ వచ్చినా విప్పకముందు, జ్వరం చూసినట్టు అద్దానికి అరచేతి వెనకవైపు ఆనించేవారు. విప్పిన మరలను విప్పిన వరుసలోనే పేర్చేవారు. లోపం ఎక్కడుందో తనకు తెలిసినా శిష్యుడికి చెప్పేవారు కాదు. కాలిన ఫ్యూజు కోసం నేను రెండు రోజులు వెతుకుతుంటే పక్కనే కూర్చుని చాయ్ తాగారు. "చెప్పింది చెవుల ఉంటది, దొరికింది చేతుల ఉంటది" అనేవారు. నా జాబితాల పిచ్చి చూసి, "నీకు జ్వరమొస్తే గోలీలకంటె ముందు లిస్టు రాస్తవురా" అని నవ్వేవారు.

ఈ వేసవిలో పెద్ద దవాఖాన నుంచి ఆయనను ఇంటికి పంపేశారు. చేయగలిగింది లేదన్నారు. అప్పుడు ఆయన నన్ను అడిగింది ఒక్కటే. ఎనిమిదేళ్ల కిందట పోయిన ఆయన భార్యను నేను అమ్మీ అనేవాణ్ణి. ఆమె ఎన్నడూ ఫొటోకు నిలబడలేదు. కూతురి పెళ్లి కేసెట్‌లో, పెళ్లికి ముందు పసుపు పూసే వేడుకలో, పసుపు ఓఢ్నీ కప్పుకుని ఎవరినో చూసి నవ్వి వెంటనే ముఖం తిప్పుకుంటుంది. నాలుగు క్షణాలు. అంతే.

"మొఖం యాదికున్నదిరా. రంగే పోతున్నది. ఒక్కసారి జర చూపియ్యి" అన్నారు.

బూజు పట్టిన ఆ కేసెట్‌ను తుడిచి, నా కంప్యూటర్‌లోకి ఎక్కించాను. ఒక పత్రికతో ఉచితంగా వచ్చిన లినక్స్ అనే సాఫ్ట్‌వేర్ డిస్కుతో, టీవీకి కలిపి బొమ్మలు చూసుకునేలా ఒక కంప్యూటర్ డబ్బా తయారుచేశాను. నా మానిటర్‌లో ఓఢ్నీ పసుపుపచ్చగా మెరిసింది. దాన్నే మోసుకొస్తానంటే ఒప్పుకోలేదు. "వద్దు. నేను జోడించిన టీవీల చూస్త" అన్నారు.

మొదటి శుక్రవారం డబ్బాను ఆయన మంచం ఎదుటి టీవీకి కలిపాను. బొమ్మ నిలవలేదు, కింది నుంచి పైకి ఆగకుండా జారిపోతూనే ఉంది. పడుకునే ఆయన చెప్పారు. "ఎనక మర తిప్పు. జర... ఇంక జర... బస్." బొమ్మ నిలిచింది. ఓఢ్నీ మాత్రం బూడిదరంగులో ఉంది. ఆయన చాలాసేపు చూసి, "బతికున్నప్పుడు గింత సాదాగ ఎన్నడుండె మీ అమ్మీ!" అన్నారు.

ఆ తరువాత మూడు శుక్రవారాలు గద్వాల నుంచి పెబ్బేరు మీదుగా బస్సులో వెళ్లాను. తీగ మార్చాను. డబ్బాలో బొమ్మను టీవీకి పంపే కార్డు మార్చాను. టంకాలు మళ్లీ వేశాను. లినక్స్‌ను తీసేసి మళ్లీ ఎక్కించాను. తెరకు సంబంధించిన ఆదేశాల ఫైలును అక్షరం అక్షరం సరిచూశాను. నా జాబితాలో ఇరవై మూడు అంశాలు చేరాయి. అన్నింటి పక్కనా గుర్తు పెట్టాను. ప్రతి వారం ఆయన మంచంలో ఇంకొంచెం చిన్నవారయ్యారు.

నాలుగో శుక్రవారం ఆయన మెల్లగా అడిగారు. "గా డబ్బ పుట్టింది యాడరా?"

"ఉస్తాద్, ఇది మన పాత సామాను కాదు. లినక్స్. మీకు తెల్వదు, జర పండుకోండి" అన్నాను.

"సరే బేటా" అని కళ్లు మూసుకున్నారు.

ఆయనతో నేను మాట్లాడిన చివరి మాట అదే.

నలభయ్యో రోజు ఫాతెహా ప్రార్థన అయ్యాక డబ్బా తెచ్చుకోవడానికి వెళ్లాను. కూతురు చాయ్ ఇస్తూ చెప్పింది. "అన్నా, ఆ రోజు నువ్వు పోయినంక అబ్బా నవ్విండు. 'బయటి దేశం వీసీఆర్ లెక్కనే ఉన్నదిది, వీనికి యాదికొస్తలేదు' అన్నడు. ఫోన్ చేసి చెప్పాల్నా అంటె, 'వద్దు బేటీ, వానంతట వాడే పట్టుకుంటడు. శుక్రవారం దాక టైమున్నది గదా' అన్నడు."

చాయ్ గ్లాసు కింద పెట్టేశాను. బయటి దేశాల నుంచి తెచ్చుకున్న వీసీఆర్‌లు మన టీవీల్లో నలుపు తెలుపుగానే ఆడేవి. రంగును పంపే పద్ధతి ఒక్కో దేశానిది ఒక్కోలా ఉంటుంది కాబట్టి. అలాంటివి ఆయన పక్కన కూర్చుని నా చేతులతోనే ఎన్నో సరిచేశాను. ఇరవై మూడు అంశాల్లో ఆ ఒక్కటి రాయలేదు. దేశం పేరు మనం చెప్పకపోతే నా డబ్బా తనంతట తాను అమెరికా పద్ధతిలో బొమ్మ పంపుతోంది. మన పద్ధతి పేరుతో ఫైలులో ఒక్క పంక్తి చేర్చాను.

టీవీ వెలిగింది. ఓఢ్నీ పసుపుపచ్చగా వచ్చింది. అయితే బొమ్మ మళ్లీ జారడం మొదలైంది. ఆనాడు ఆయన చెప్పి తిప్పించిన మర తప్పు పద్ధతికి సరిపడేలా ఉంది మరి. ఇప్పుడు దాన్ని వెనక్కి తిప్పాలి.

"అమ్మీ..." అంటూ కూతురు ఖాళీ మంచం పట్టె మీద కూర్చుంది. కాసేపటికి, "తిప్పన్నా, నిలవెట్టు" అంది.

నా వేళ్లు మర మీదే ఉన్నాయి. ఆయన "బస్" అన్న చోటు నుంచి దాన్ని తిప్పలేకపోయాను. ఆ పసుపు, టీవీ అద్దం కింది అంచున పుట్టి, పైకి పాకి, మాయమై, మళ్లీ కింది నుంచి వస్తూనే ఉంది.