శ్రీతాళం పూసిన ఏడు

మొన్న కోదాడ హైవే పక్కన నర్సరీలో పూల మొక్కలు చూస్తుంటే, ఒక మూల చిన్న కుండీలో, విసనకర్ర లాంటి ఒకే ఒక్క ఆకుతో, తాటి జాతికి చెందిన శ్రీతాళం మొక్క కనబడి నా కాళ్లు అక్కడే ఆగిపోయాయి.

మిర్యాలగూడ నుంచి హాలియా మీదుగా సాగర్ వెళ్లే యాత్రికుల బస్సులు దారిలో ఒక పాత తోట దగ్గర ఆగేవని మన తరం వాళ్లకు గుర్తుండే ఉంటుంది. ఏ కాలపు దొరలో దూరదేశాల నుంచి తెప్పించిన చెట్లు, తాంబాళమంత ఆకుల తామరలు అక్కడ ఉండేవి. మా తాత ఆ తోటకు మాలి. గేటు పక్కన శ్రీతాళాన్ని పెళ్లయిన కొత్తలో ఆయనే నాటాడట. బతుకు మొత్తంలో ఒక్కసారే పూసే ఆ చెట్టు పూత కళ్లారా చూడాలన్నది ఆయనకున్న ఒకే ఒక్క ఆశ. ఏటా వచ్చే యాత్రికులు ఈసారన్నా పూస్తుందా అని ఆటపట్టిస్తే, నవ్వి ఊరుకునేవాడు.

నేను ఎనిమిదో తరగతిలో ఉండగా పూసింది. చెట్టు నెత్తిన ఇంకో చెట్టు మొలిచినట్టు, మీగడ రంగు పూత ఆకాశంలోకి లేచింది. ఎక్కడో దూరాన ఉన్న గరిడేపల్లి నుంచి కూడా ట్రాక్టర్ల మీద జనం వచ్చారు. ఆడవాళ్లు చెట్టు మొదలుకు పసుపు కుంకుమలు పెడుతుంటే, చర్చి పాస్టరుగారు తమ బడి పిల్లలను వరసగా నిలబెట్టి చూపించారు. తాత మాత్రం చెట్టుకు ఎదురుగా మంచం వేయించుకుని, అన్నం కూడా అక్కడికే తెప్పించుకున్నాడు.

కాయలు పడేనాటికి ఆకులు ఒక్కొక్కటే వాలిపోసాగాయి. వరికి తప్ప మరో పైరుకు వైద్యం ఎరగని మా నాన్న, కంగారుగా యూరియా చల్లి కాలువ నీళ్లు మళ్లించాడు. ఊరంతా వచ్చి పార పట్టింది. చివరికి తాతే చెప్పాడు.

"ఇగ ఆపుండ్రి. పూసినంక అది ఉండదు. నాకు ముందే ఎరుక."

మరి పూయాలని ఎందుకు కోరుకున్నావని ఏడుస్తూ అడిగాను.

"పూయకుంటె అది పుట్టి ఏం లాభం బిడ్డా?" అన్నాడు, కళ్లు తుడుచుకుంటూ.

ఇప్పుడు ఆ తోట లేదు, ప్లాట్లు చేశారు. సాగర్ బస్సులు ఆగకుండా పోతున్నాయి.

నర్సరీ అబ్బాయి నా చూపు గమనించి దగ్గరకొచ్చాడు.

"తీస్కపోండి మేడం, కుండీల గింతే ఉంటది, ఎప్పటికీ పెరగదు" అన్నాడు, అదే దాని గొప్పతనమైనట్టు.

సూర్యాపేటలో మాది రెండో అంతస్తు. దానికి నేనివ్వగలిగింది కూడా ఆ కుండీయే. కాసేపు ఆ ఆకును నిమిరి, రెండు బంతి మొక్కలు కొనుక్కుని వచ్చేశాను.