పన్ను సున్నా అన్నందుకు అలిగిన పెద్దాయన

ముందే చెప్పి పెడుతున్నాను. నేను చిటికెడు అడిగితే చేటెడు పోసే మనిషిని. పొట్టు చెరిగి గింజలు ఏరుకునే పని చదివేవారిదే.

నల్లగొండలో నాది పన్ను రిటర్నులు వేసే గది. ఎంత చిన్నదంటే, లోపలికి ఇద్దరొస్తే నా కుర్చీ బయటికి పోవాలి. వచ్చేవాళ్లలో ఎక్కువమంది పింఛనుదార్లే. గడువు చివరి రోజున నా కాలు ఊగుడు ఆగదు, ఫోన్ల మోత ఆగదు. కంప్యూటర్ తెర మీద చక్రం తిరిగేలోగా సాగర్ గేట్లన్నీ ఎత్తి, మళ్లీ దింపేయొచ్చు.

అలాంటి రోజున నందికొండ నుంచి ఒక పెద్దాయన భార్యను వెంటబెట్టుకుని వచ్చాడు. అక్కడి సాగర్ డ్యామ్ మీద పనిచేసి రిటైరైన మనిషి. లెక్క చూసి సంతోషంగా చెప్పాను.

"కొత్త పద్ధతిల నీకు పన్ను సున్నా, బాపూ."

"సున్నా ఏంది? జర మంచిగ చూడు."

"మంచిగనే చూసిన."

"పాత పద్ధతిల ఎంతొస్తది?"

"సగం నెల పింఛను పోతది."

"గట్లయితే గదే ఏయి."

పన్ను తగ్గించమని గడ్డం పట్టుకున్నవాళ్లను చూశాను గానీ, పెంచమని కొట్లాడే మనిషిని చూడటం అదే మొదటిసారి. ఆయన లేచాడు, కూర్చున్నాడు, మళ్లీ లేచి అటూ ఇటూ తిరిగాడు. ఆ తిరుగుడుకు గచ్చు జానెడు లోతు అరిగింది.

"మా నాయిన కూలికి పోయి బతికిండు. మా ఇంట్ల సర్కారుకు పన్ను కట్టిన మొదటోన్ని నేను. పింఛను సంఘంల అందరికీ ఎరుకే. ఇప్పుడు సున్నా అంటే తలెట్ల ఎత్తుకోవాలె?"

స్టూలు మీదున్న అవ్వ అందుకుంది.

"నీ తల సంగతి సరే, నా కంటి సంగతేంది? పొర తీపిస్తనని పోయినేడు గూడ చెప్పి, ఆ పైసలు పన్నుకే కడితివి. కొడుకా, సున్నానే ఏయి."

వేశాను. ఇక ఆయన ఫోన్‌కు వచ్చిన ఓటీపీ చెబితే పని పూర్తి. ఆయన ఫోన్ బల్ల మీద పడేసి, చేతులు కట్టుకుని మళ్లీ తిరగసాగాడు.

"నేను చెప్ప."

అవ్వ ఆ ఫోన్ అందుకుని ముక్కుకు ఆనించుకుంది. ఆమె చదివిన అంకెలు కొట్టాను. తప్పని వచ్చింది. కొత్త నంబరు తెప్పించాను. ఈసారి ఫోన్‌ను కిటికీ వెలుతురుకు తిప్పి, కొంగుతో కళ్లు తుడుచుకుంది.

"మూడా... ఎనిమిదా... ఏదో ఒకటి కొట్టు, కొడుకా."

మళ్లీ తప్పే.

పెద్దాయన తిరుగుడు ఆగింది. ఆమె చేతిలోంచి ఫోన్ మెల్లగా తీసుకుని, మూడోసారి వచ్చిన నంబరు తానే చదివాడు. "సంఘంల మాత్రం చెప్పకు, బిడ్డా," అన్నాడు.

గచ్చు అరిగిందంటే మీరెలాగూ నమ్మరు. నేను నిజంగా కల్పించింది సంఘంల చెప్పకన్న ఆ చివరి మాట. పెద్దాయన గడప బయట చెప్పుల గుంపులో ఆమె జత వెతికి కాళ్ల ముందు పెట్టి, నా వైపు చూడకుండానే ఆమె చెయ్యి పట్టుకుని మెట్లు దింపుకుపోయాడు.