చేతులు కట్టుకున్న రొట్టె

ఆ టబ్బులో ఉన్నవి మామూలు నీళ్లు కావని నేను అతనికి చెప్పలేదు. చెప్పానని మేనేజరుతో అన్నాను. ఇన్నేళ్లూ ఆ మాట సరిదిద్దలేదు.

అరబ్బు దేశంలో, ముషైరిబ్‌లో ఒక హోటల్ బేకరీలో పనిచేసేవాణ్ణి. అతనిది జగిత్యాల వైపు. మా వంటగదిలో గిన్నెలు కడిగేవాడు. నేను బ్రెట్సెల్ చుడుతుంటే పక్కన నిలబడి చూసేవాడు. పిండిని తాడులా సాగదీసి, రెండు కొసలూ మెలేసి, మడిచి అద్దే జర్మన్ రొట్టె అది. ఆ పేరు చేతిని సూచించే పాత లాటిన్ మాట నుంచి వచ్చిందనీ, గుండెల మీద కట్టుకున్న చేతుల ఆకారమనీ మా జర్మన్ షెఫ్ నాకు చెప్పాడు. నేను అతనికి చెప్పాను.

“గట్లనా అన్నా? అయితే సారుకు భయపడ్డ బడిపోరడన్నట్టు,” అని నవ్వాడు. “మీ గోదారోళ్లకు మాటలు మస్తొస్తయే!”

బ్రెట్సెల్‌ని కాల్చే ముందు కాస్టిక్ సోడా కలిపిన నీళ్లలో ముంచాలి. ఆ ముదురు రంగు దానివల్లే. పని కాగానే టబ్బు ఖాళీ చేయడం నా వంతు. ఆ రోజు సోడా ఎక్కువే కలిపాను. అల్ మన్సూరాలో ప్రార్థన కూటానికి ఆలస్యమవుతోందని, టబ్బును సింకు పక్కనే వదిలేసి బట్టలు మార్చుకోవడానికి వెళ్లాను. చేతికి జారుడుగా తగిలితే అతను సబ్బు నీళ్లనుకున్నాడు. మోచేతుల దాకా ముంచి గిన్నెలు తోమాడు. మంట తర్వాత మొదలైంది.

“అతనికి చెప్పావా?” అన్నాడు మేనేజరు.

“చెప్పాను సార్.”

చేతులు కట్టుకునే నిలబడ్డాను. తప్పు అతనిదేనని తేల్చి, పనిలోంచి తీసేసి ఊరికి పంపేశారు. వెళ్లేముందు కట్లున్న చేతులతో నన్నే ఓదార్చాడు: “నేనే చూస్కోలే అన్నా. నువ్వేం చేస్తవ్?”

ఈ మధ్య మళ్లీ వచ్చాడని, మెసయీద్‌లో ఒక కార్మికుల క్యాంపుకి కాపలా ఉంటున్నాడని తెలిసి శుక్రవారం వెళ్లాను. టీ గ్లాసును రెండు అరచేతుల మధ్య పట్టుకుని తెచ్చిచ్చాడు.

“గా రొట్టె ఇంకా చేస్తున్నవా అన్నా?” అంటూ చేతులు కట్టుకోబోయాడు. ముడుచుకుపోయిన చర్మం మోచేతుల్ని పూర్తిగా వంగనివ్వలేదు. నవ్వేశాడు. “సారు తిట్టినా ఇగ కట్టుకునుడు మాఫీ!”

టీ కింద పెట్టాను.

“నువ్వు చూసుకోకపోవడం కాదు తమ్ముడూ. నేనే చెప్పలేదు. చెప్పానని అబద్ధమాడాను. నన్ను క్షమించు.”